క్లచ్ మెత్తబడింది, బావ బిగుసుకున్నాడు

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, బండి కంపెనీ పేరు వేయొద్దన్నారు. వేయడం లేదు. సొంతూరు అనంతపురం, వయసు 31, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలేజీ రోజుల నాటి కోరిక తీర్చుకుందామని మార్చిలో ఒక పెద్ద బైక్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2014 మోడల్, నాలుగు సిలిండర్లు, వెయ్యి సీసీ దాటిన ఇంజిన్, కేబుల్ లేని హైడ్రాలిక్ క్లచ్. పాత ఓనరు ఎర్ర రంగు పొట్టి లివర్లు కూడా వేయించి ఉంచాడట.

జూన్‌లో వానలు మొదలయ్యాక క్లచ్ లివర్ మెత్తబడింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద సిగ్నల్ పడ్డప్పుడు లివర్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా బండి ముందుకు ఈడుస్తోంది, న్యూట్రల్ పడటం లేదు. రెండు మూడుసార్లు పంప్ చేస్తే సర్దుకుంటోంది. పొద్దున బాగానే ఉంటుంది, ట్రాఫిక్‌లో వేడెక్కాక మొదలవుతుంది. హ్యాండిల్ మీదున్న కప్పులో ఆయిల్ తగ్గిందని రెండుసార్లు తనే పోశారు. అప్పటికీ కుదరక, కేఆర్ పురం దగ్గర చిన్న షెడ్డు నడుపుతున్న బావ దగ్గరికి, అంటే సొంత అక్క భర్త దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన లైన్‌లో గాలి తీసి (దీన్నే బ్లీడింగ్ అంటారు), షెడ్డులో ఉన్న డబ్బాలోంచి బ్రేక్ ఆయిల్ పోసి ఇచ్చారు. పైసా తీసుకోలేదు.

పది రోజులు బాగుంది. తర్వాత మునుపటికన్నా అధ్వాన్నం. ఇప్పుడు లివర్ వదిలినా టక్కున రావడం లేదు, బద్ధకంగా వెనక్కి వస్తోంది. ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్తే సూపర్‌వైజరు చూసి, "బయటి మెకానిక్ చెయ్యి పెట్టి పాడు చేశాడు" అని, క్లచ్ ప్లేట్ల సెట్టు, మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ అన్నీ మార్చాలని 62 వేలకు ఎస్టిమేట్ ఇచ్చాడు. ఆ మాట ఈయన ఫోన్లో అక్కతో అన్నారు. అక్క బావతో అంది. "నా పని నచ్చనోడు నా షెడ్డు తొక్కాల్సిన పనిలేదు" అన్నాడట బావ. వచ్చే నెల అనంతపురంలో వాళ్ళ గృహప్రవేశం. అక్క ఏడుస్తోంది. భార్య బండి అమ్మేయమంటోంది. తప్పు బావదేనా, 62 వేలు కట్టాలా, అమ్మేయాలా అని అడిగారు.

సమాధానం:

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. వాటికన్నా ముందు అడగాల్సినది ఒకటుంది. కప్పులో ఆయిల్ అసలు ఎందుకు తగ్గింది? మీరు పోశారు, బావ పోశారు, సూపర్‌వైజరు అన్నీ మార్చేయమన్నాడు. పోసింది ఎటు పోయిందని ముగ్గురిలో ఒక్కరూ చూసినట్టు మీ ఉత్తరంలో లేదు.

బ్రేకులో ప్యాడ్లు అరిగేకొద్దీ కప్పులో లెవెల్ తగ్గుతుంది. అది మామూలే. క్లచ్‌లో దీనికి ఉల్టా. లివర్ నొక్కితే హ్యాండిల్ మీదున్న మాస్టర్ సిలిండర్ ఫ్లూయిడ్‌ను, అంటే కప్పులోని ద్రవాన్ని నెడుతుంది, అది కింద ఇంజిన్ పక్కనున్న స్లేవ్ పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ పుష్‌రాడ్ అనే కడ్డీని నెట్టి ప్లేట్లను విడదీస్తుంది. ప్లేట్లు అరిగితే పుష్‌రాడ్ ఆ పిస్టన్‌ను ఇంకాస్త వెనక్కి తోస్తుంది, ఫ్లూయిడ్ తిరిగి కప్పులోకే వస్తుంది. అంటే ప్లేట్లు అరిగితే లెవెల్ పెరగాలి. మీకు రెండుసార్లు తగ్గింది కాబట్టి ఎక్కడో కారుతోంది. కారే సందులోంచే గాలి లోపలికి పోతుంది. ఫ్లూయిడ్ ఒత్తిడికి కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. లివర్ మెత్తబడటం, పంప్ చేస్తే సర్దుకోవడం, వేడికి ఎక్కువవడం ఇదే లక్షణం. ఇదంతా మీ బావ స్పానర్ పట్టుకోకముందే ఉంది. తేదీలు మీరే వరుసగా రాశారు, చూసుకోండి.

కారేది ఎక్కువగా స్లేవ్ దగ్గరే. ఇలాంటి చాలా బళ్ళలో అది ఎడమ పక్క, చెయిన్‌ను తిప్పే పళ్ళ చక్రం, అంటే ఫ్రంట్ స్ప్రాకెట్‌ను ఆనుకుని ఉంటుంది. చెయిన్‌కు కొట్టే లూబ్, రోడ్డు దుమ్ము, వాన బురద అన్నీ కలిసి అక్కడ నల్లటి ముద్ద కడతాయి. పైనుంచి ఆ మురికి, లోపలినుంచి ఏళ్ళుగా మార్చని ఫ్లూయిడ్ పీల్చుకున్న తేమ. పిస్టన్ మీద చిన్న చిన్న గుంటలు పడి, ఫ్లూయిడ్ కారకుండా ఆపే రబ్బరు సీల్‌ను కొరికేస్తాయి. ఫ్లూయిడ్‌ను రెండేళ్ళకోసారి మార్చమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. పాత ఓనరు ఎర్ర లివర్ల మీద పెట్టిన శ్రద్ధ అక్కడ పెట్టాడా అన్నది నా అనుమానం.

ఆ లివర్ల గురించి కూడా ఒక మాట. మాస్టర్ పిస్టన్‌ను నెట్టే చిన్న రాడ్ లివర్‌లోని గుంటలో సరిగ్గా కూర్చోకపోతే ఆ కాస్త ఖాళీకే సగం స్ట్రోక్ పోతుంది, క్లచ్ పూర్తిగా విడదు. మరీ బిగుతుగా ఉంటే వదిలినప్పుడు ఫ్లూయిడ్ వెనక్కి రావడానికి దారి మూసుకుంటుంది. లివర్ చివర వేలితో కదిపి చూడండి, కొద్దిగా ఆట ఉండాలి. పాత ఓనరు దగ్గర కంపెనీ లివరు మిగిలి ఉంటే అడిగి తెచ్చుకోండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం రెండో పేజీ అడుగున, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసినది. "హైడ్రాలిక్ క్లచ్ కదా అని షాపులో హైడ్రాలిక్ ఆయిల్ అడిగి కొన్నాను. సగం డబ్బా ఇంకా షూ ర్యాక్ వెనకే ఉంది."

తమ్ముడూ, తప్పుగా అనుకోవద్దు. కథ ఇక్కడ మలుపు తిరిగిందని నా అనుమానం. హైడ్రాలిక్ ఆయిల్ అని అడిగితే షాపువాడు ఇచ్చేది మామూలుగా జాకీల్లో, జేసీబీల్లో పోసేది. అది పెట్రోలియం నూనె. మీ కప్పు మూత మీద ఏం చెక్కి ఉందో ఒకసారి టార్చి వేసి చదవండి, డాట్ 4 అని ఉంటుందనుకుంటున్నాను. డాట్ 4 నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. మనందరం దాన్ని బ్రేక్ ఆయిల్ అనే పిలుస్తాం, ఆ పేరే మనల్ని బోల్తా కొట్టిస్తుంది. డాట్ 4 కోసం చేసిన రబ్బరు సీళ్ళు పెట్రోలియం తగిలితే ఉబ్బుతాయి. ఉబ్బిన సీల్ సిలిండర్ గోడను పట్టేసుకుంటుంది, లివర్ బద్ధకంగా వెనక్కి వస్తుంది. దీనికి ఉల్టాగా ఉండే బళ్ళు కూడా ఉన్నాయి. కొన్ని పాత కేటీఎం బైకుల్లో మగురా కంపెనీ క్లచ్‌కు మినరల్ ఆయిలే (పెట్రోలియం జాతి నూనే) పోయాలి, అందులో డాట్ 4 పోస్తే ఆ సీళ్ళు పాడవుతాయి. అందుకే అలవాటు కాదు, మూత మీది అక్షరాలే ప్రమాణం.

నేను చెన్నై పుదుపేటలో పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బ్రేక్ సిలిండర్ రబ్బరు కప్పును పెట్రోల్‌లో కడిగి, శుభ్రంగా ఉందని మురిసిపోయి రాత్రంతా అందులోనే వదిలేశాను. పొద్దున మేస్త్రీ ఆ కప్పును, కొత్త కప్పును పక్కపక్కన అరచేతిలో పెట్టి చూపించాడు. నాది నానిన గారెలా ఉంది. ఆయన తిట్టలేదు. కొత్త కప్పు డబ్బులు నా కూలీలో కోసుకున్నాడు, అంతే.

మీ బండిలో జరిగింది ఇదేనా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూడు పేపర్ కప్పులు తీసుకుని సగం దాకా నీళ్ళు పోయండి. వంటింటి గ్లాసులు వద్దు, ఇది విషం. మొదటి దాంట్లో షూ ర్యాక్ వెనకున్న డబ్బాలోంచి రెండు చుక్కలు. రెండో దాంట్లో, సిరంజితో హ్యాండిల్ మీది కప్పులోంచి లాగిన రెండు చుక్కలు. మూడోదానికి ముందు స్ప్రాకెట్ కవర్ విప్పి స్లేవ్ చుట్టూ శుభ్రంగా తుడిచి, లివర్‌ను ఇరవై ముప్ఫైసార్లు నొక్కి, మళ్ళీ తడి కనిపిస్తే తెల్ల కాగితంతో అద్ది ముంచండి. డాట్ 4 నీళ్ళలో కలిసిపోతుంది. నూనె పైన తేలి కళ్ళు కళ్ళుగా మెరుస్తుంది. మొదటి కప్పులో తేలితే మీరు పోసింది తప్పుడు నూనె. మూడో కాగితంలోది కలిసిపోతే కారేది స్లేవ్ సీల్. తేలితే అది ఇంజిన్ ఆయిల్ కావచ్చు, అలాగైతే పుష్‌రాడ్ చుట్టూ ఉండే వేరే సీల్ పోయిందన్నమాట; లేదా మీరు పోసిన నూనే కావచ్చు.

రెండో కప్పు మాత్రం మోసం చేయగలదు. బావ బ్లీడింగ్ చేసి కొత్త ఫ్లూయిడ్ పోశారు కదా, పాత నూనె చాలావరకు బయటికి పోయి ఉండొచ్చు. అందులో ఏమీ తేలలేదని గెంతకండి. అప్పుడు చూడాల్సింది మూత కింద ఉండే నల్లటి రబ్బరు పొర. మూత పెట్టేటప్పుడు అది సరిగ్గా కూర్చోవడం లేదని మీరే రాశారు. లెవెల్ తగ్గినప్పుడు ఆ పొర మడతలు విప్పుకుని కిందికి సాగుతుంది, అది దాని పని. చేత్తో మడతలు వెనక్కి నొక్కితే చక్కగా కూర్చుంటే భయం లేదు. మడతలన్నీ సర్దినా దాని అంచు కప్పు అంచుకన్నా పెద్దదై, అలలు అలలుగా లేస్తుంటే అది ఉబ్బింది. పైన అది ఉబ్బితే లోపలి సీళ్ళు ఉబ్బలేదని చెప్పలేం.

ఇప్పుడు బావ సంగతి. ఆయన మూత తీసి పెట్టిన డబ్బాలోంచి పోశారని మీకు కోపం. మూసిన డబ్బాలోంచి పోయడమే పద్ధతి, నిజమే. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోతుంది. బ్రేకులో అది ప్రాణం మీదికి తెచ్చే తేడా. క్లచ్ లైన్‌కు బ్రేక్ కాలిపర్‌కు పట్టినంత వేడి పట్టదు, కాబట్టి పది రోజుల్లో క్లచ్ ఇలా అయిపోవడానికి ఆ డబ్బా కారణమని నేను అనుకోను. ఆయన తప్పు వేరే ఉంది. లెవెల్ ఎందుకు తగ్గిందని అడగలేదు, స్లేవ్ విప్పి చూడలేదు. మీరూ అంతకుముందు ఏం పోశారో ఆయనకు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పి ఉంటే చేతిలో ఉన్న సిరంజి పక్కన పెట్టి మిమ్మల్ని నాలుగు తిట్టేవారు, బండి అప్పుడే బాగుపడేది.

సూపర్‌వైజరు ఎస్టిమేట్‌లో సగం సబబు, సగం కాదు. సీళ్ళు ఉబ్బి ఉంటే పైన, కింద రబ్బరన్నదంతా మార్చాలి. మాస్టర్ కప్పు కిట్టు, స్లేవ్ కిట్టు, మూత కింది పొర, హోస్ కూడా, ఎందుకంటే దాని లోపలి పొరా రబ్బరే. పిస్టన్ మీద, సిలిండర్ గోడల మీద గుంటలు పడి ఉంటే కిట్టుతో ఆగదు, ఆ సిలిండర్ మొత్తం కొత్తది వేయాల్సిందే. ప్లేట్ల మాటే నాకు మింగుడు పడలేదు. ప్లేట్లు అరిగితే క్లచ్ జారుతుంది, యాక్సిలరేటర్ తిప్పితే ఆర్‌పీఎం ఎగిరి స్పీడు రాదు. మీ బండి లాగడంలో లోటే లేదని, నందిహిల్స్ ఘాట్ ఎక్కేటప్పుడు కూడా గట్టిగా లాగిందని రాశారు. మీ సమస్య జారడం కాదు, విడకపోవడం. స్టీల్ ప్లేట్లు వంకరపోయినా విడదు, అది కొట్టిపారేయను. నెలల తరబడి ఈడుస్తూ నడిపారు కాబట్టి కాస్త కాలి కూడా ఉండొచ్చు. కానీ హైడ్రాలిక్ సరిచేశాక కూడా ఈడిస్తే అప్పుడు కదా కవర్ విప్పాలి.

మీ ముందున్న దారులు ఇవి. ఒకటి, మళ్ళీ బావ షెడ్డుకే వెళ్ళడం. ఖర్చు విడిభాగాలకే అవుతుంది. బెంగళూరులో విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో దొరికితే సరే, లేకపోతే ఆర్డరు పెట్టి వారాలు ఆగాలి, అన్నాళ్ళూ బండి షెడ్డులో మూలన ఉంటుంది. ఆయన ఇంత పెద్ద బండి స్లేవ్ ఇంతకుముందు విప్పారో లేదో నాకు తెలియదు, మొహమాటపడకుండా అడగండి. చేస్తానంటే రెండు సంగతులు పట్టుబట్టండి. రబ్బరు ముక్కల్ని పెట్రోల్‌తో కడగకూడదు, కొత్త డాట్ 4తోనే తడిపి ఎక్కించాలి. స్లేవ్ విప్పి ఉన్నప్పుడు ఎవరూ లివర్ ముట్టుకోకూడదు, పిస్టన్ ఊడి కింద పడుతుంది. గాలి తీసేటప్పుడు పైనుంచి కాకుండా కింద స్లేవ్ మీద గాలి తీసే నిపుల్‌కు సిరంజి పెట్టి పైకి నెట్టమనండి. గాలి బుడగ పైకి పోవాలని చూస్తుంది, మనం కిందికి తోస్తే మొండికేస్తుంది. క్లచ్ ఒక్కో నొక్కుకు కదిలించే ఫ్లూయిడ్ కూడా తక్కువే, అందుకే లివర్ పంప్ చేసి బుడగను కిందిదాకా తేవడం కష్టం. అలా నెట్టేటప్పుడు పై కప్పు పొంగిపోకుండా మధ్యమధ్య తోడేయాలి. మాస్టర్ దగ్గర హోస్‌ను బిగించే బాంజో బోల్టు మలుపులో చివరి బుడగ దాక్కుంటుంది. రాత్రంతా లివర్‌ను హ్యాండిల్‌కు కట్టి ఉంచి పొద్దున వదిలితే అదీ బయటపడుతుందని చాలామంది చేస్తారు, నాకూ చాలాసార్లు పనిచేసింది. ట్యాంకు మీద తడిబట్ట కప్పండి. డాట్ 4 చుక్క పడితే పెయింట్ లేస్తుంది, పడిన వెంటనే నీళ్ళు పోయండి.

రెండోది వర్క్‌షాపు. ఆత్మీయత ఉండదు, బిల్లు ఉంటుంది, గ్యారంటీ అడగడానికి నోరు లేస్తుంది. వెళ్తే ఎస్టిమేట్‌ను రెండు ముక్కలు చేయమనండి. ముందు హైడ్రాలిక్ మాత్రమే, ప్లేట్లు తర్వాత, కవర్ విప్పాక మీరు కళ్ళతో చూసిన తర్వాత. తీసేసిన పాత భాగాలు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి. మీరు నూనె పోసిన సంగతి వాళ్ళకూ చెప్పాలి. చెప్పకపోతే ఒక్క సీల్ మార్చి ఇస్తారు, మిగతావి నెల తర్వాత మళ్ళీ పడుకుంటాయి.

మూడోది అమ్మడం. మీ ఆవిడ మాట తీసిపారేసేది కాదు. ఆమెకు కనిపించేది క్లచ్ కాదు, మీరు రాత్రి పది దాకా రాకపోవడం, ఎక్కడో సిగ్నల్లో బండితో నిలబడి ఉండటం. అమ్మాలనుకుంటే బాగుచేసి అమ్మండి, లేదా ఉన్నది చెప్పి రేటు తగ్గించి అమ్మండి. గాలి తీసి పది రోజులు బాగుండేలా చేసి ఆ పది రోజుల్లో అంటగట్టే పద్ధతి ఒకటుంది. మార్చిలో మీకూ ఎవరో అదే చేశారేమో.

ఏ దారి పట్టినా అక్కను మధ్యలో పెట్టకండి. మీరు అక్కతో అన్నది సూపర్‌వైజరు మాట. బావ చెవిన పడింది బావమరిది మాట. చేతిపని మీద బతికేవాడికి "పాడు చేశాడు" అన్న మాట, అదీ డబ్బు తీసుకోకుండా చేసిన పనికి, ఎలా తగులుతుందో మీరే ఊహించండి. మొదటి పేపర్ కప్పులో నూనె తేలితే షెడ్డుకు మీరే వెళ్ళండి, ఫోన్ చేయకండి, బండి కూడా వద్దు. ఆ సగం డబ్బా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "బావా, నీకంటే ముందు నేను ఇది పోశా, నీకు చెప్పలేదు" అనండి. ఆయన ముందు డబ్బా మీద రాసింది చదువుతారు. తర్వాత తిడతారు. తిట్టనివ్వండి. నూనె తేలకపోతే, మీరు పోసింది డాట్ 4 అని తేలితే, అప్పుడూ వెళ్ళండి. మాట మాత్రం మారుతుంది. "ఆయిల్ ఎటు పోతోందో ఇద్దరం కలిసి చూద్దాం" అంటే చాలు, తప్పెవరిదని తవ్వడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇంత చేసినా ఆయన మెత్తబడకపోవచ్చు. అప్పుడు పని వర్క్‌షాపులో చేయించుకుని, ఆయన్ని ఆయనగానే ఉండనివ్వండి. గృహప్రవేశంలో పందిరి కింద నిలబడటానికి క్లచ్‌తో పనిలేదు.

అప్పటిదాకా ఆ బండిని ట్రాఫిక్‌లోకి తీయకండి. తప్పనిసరై తీస్తే సిగ్నల్ దూరంగా కనిపించగానే, బండి ఇంకా కదులుతుండగానే న్యూట్రల్‌లో పడేయండి. ఆగాక దొరకదు. మొదటి గేరులో ఈడిస్తే లివర్‌తో కుస్తీ పట్టకుండా బ్రేకు పట్టి, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ నొక్కండి. ముందు నిలబడ్డ ఆటోవాడికి మీ సీళ్ళ కథ తెలియదు. అనంతపురం రెండొందల కిలోమీటర్ల పైమాటే, దాని మీద పోవాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. బస్సో రైలో చూసుకోండి, మీ ఆవిడ కూడా వస్తుంది.

రిపేరయ్యాక కప్పు అద్దం మీద మార్కర్‌తో లెవెల్ గీత గీసి రెండు వారాలు రోజూ పొద్దున చూడండి. గీత దాటి కిందికి దిగితే మళ్ళీ రాయండి. ముందు మాత్రం ఆ మూడు పేపర్ కప్పుల్లో ఏం తేలిందో రాయండి.